మెరుగంటే అరుగుదలే

కారు పాలిష్ పనిలోకి కొత్తగా దిగుతున్నవాళ్లకి ముందు నా అర్హత చెప్పుకోవాలి. ఇరవై ఆరేళ్లు బందరులో కార్ల ఒళ్లు రుద్దాను. ఎన్ని కార్లని అడగొద్దు. నేను చెప్పే లెక్కకీ కృష్ణా జిల్లాలో ఉన్న కార్ల లెక్కకీ పొంతన కుదరదని మా ఆవిడ అంటుంది. నేను మెరుగు పెట్టిన రేకునంతా ఒకచోట పరిస్తే బంగాళాఖాతానికి మూత వెయ్యొచ్చు, ఇంకా మిగిలితే కొల్లేటికి సర్దొచ్చు. యాభై రెండో ఏట నా కుడి మణికట్టు నన్ను సంప్రదించకుండా రాజీనామా ఇచ్చేసింది. ఈ వృత్తిలో మణికట్టే యజమాని. మనిషి దాని వెనకాల సంచీ మోసుకుంటూ నడిచే గుమాస్తా. యజమాని వెళ్లిపోయాక గుమాస్తాకి పనేముంది? నేనూ దిగిపోయాను.

షాపు ఎలా పెట్టాను, బోర్డు ఎవరు రాశారు, లైసెన్సు కోసం ఎన్ని మెట్లు ఎక్కాను, ఇవేవీ రాయను. అవి మీకూ తప్పవు, మీరే ఎక్కుతారు. ఎవరూ చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. అవి రాస్తాను.

ఆ గీతలు

అమ్మకానికి పెట్టిన కారుకి పొద్దున పది గంటల ఎండను మించిన శత్రువు లేదు. నీడలో నిలబెట్టిన నల్ల కారు పెళ్లికొడుకులా ఉంటుంది. అదే కారును ఎండలోకి తోసి బోనెట్ మీద సూర్యుడి బింబం పడేచోట చూడండి. బింబం చుట్టూ సన్నటి వెండి గీతలు, వలయాలు వలయాలుగా, లోకంలో ఉన్న సాలెపురుగులన్నీ మహాసభ పెట్టుకుని ఒకే బోనెట్ మీద తీర్మానం రాసినట్టు కనిపిస్తాయి. వాటినే మేం సుడిగీతలంటాం. కారు కొనడానికి వచ్చినవాడు టైర్లు తన్ని చూస్తాడు, హారన్ కొట్టి చూస్తాడు. కానీ లోపల వాడి మనసు మార్చేది ఈ గీతలే. ఎందుకు వద్దంటున్నాడో వాడికీ తెలియదు. 'బండి ఎందుకో అలిసిపోయినట్టుందండీ' అంటాడు.

అవి నిజంగా సుడులు కావని నాకు తెలిసిన రోజున ఆశ్చర్యంతో ఒక పూట అన్నం మానేశాను. (రాత్రికి రెండు పూటలదీ కలిపి తిన్నాను.) గీతలు అన్ని వైపులకీ ఉంటాయి, అడ్డదిడ్డంగా. వాటిలో వెలుగు చుట్టూ వంపు తిరిగినట్టు ఉన్నవి మాత్రమే మెరిసి మన కంటికి అందుతాయి. మీరు రెండడుగులు పక్కకి జరగండి, సుడి కూడా మీతో రెండడుగులు జరుగుతుంది. ఎంత రేకు మీద ఎన్ని వేల గీతలున్నా, ఎవరికి వారికి వాళ్ల సుడి వేరు. ఇరవై ఆరేళ్లు చూశాను. ఇప్పటికీ ఎండలో నల్ల కారు కనిపిస్తే రోడ్డు మధ్యలో ఆగిపోయి అటూ ఇటూ ఊగుతూ చూస్తాను. వెనక నుంచి ఆటోవాళ్లు నా పూర్వీకులను తలుచుకుంటారు.

నాంచారయ్య గారి మాట

నేను ఈ విద్య నేర్చుకున్నది కార్ల దగ్గర కాదు, చిలకలపూడి గిల్టు నగల దగ్గర. ఇత్తడి మీద ఉల్లిపొర కన్నా పలచగా బంగారం పూత వేసి దానికి మెరుగు పెట్టే పనిలో నాంచారయ్య గారని ఒక పెద్దాయన ఉండేవారు. నోట్లో సగం చుట్ట, కళ్ళజోడుకి ఒకే కాడ. ఆయన మెరుగు పెట్టిన గాజులను చూసి అసలు బంగారం అవమానంతో కరిగిపోయేదని నేను అందరికీ చెబుతుంటాను. చూసినవాళ్లెవరూ బతికి లేరు కాబట్టి కాదనేవాళ్లు లేరు.

ఆయన నా చేతికి ఇచ్చిన మొదటి హారాన్ని నేను ఎంత ఉత్సాహంగా రుద్దానంటే, అది కళ్లు జిగేల్మనేలా మెరిసి, మెరిసి, చటుక్కున పచ్చటి ఇత్తడి బయటపడింది.

"ఏం చేశావురా?" అన్నారు.

"మెరుగు పెట్టానండీ."

"మెరుగంటే ఏంట్రా?"

"గీతలు చెరపడమండీ."

"గీతను చెరిపే మొనగాడు ఇంకా పుట్టలేదురా బాబూ. గీత ఎక్కడికీ పోదు. దాని చుట్టూ ఉన్నదాన్ని దాని లోతుకి దించుతున్నావు నువ్వు. మెరుగంటే అరుగుదలే. ఎంత అరగొచ్చో తెలిసినవాడు పనివాడు. తెలియనివాడు ఇత్తడి వ్యాపారి."

తర్వాత నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఇంత శాస్త్రం లేదు. నేను చదివినవి ఎక్కువ లేవనుకోండి. అయినా కారు రంగు కూడా అంతే. మన వెంట్రుక కన్నా కాస్తే మందం. అందులో కొంత మనకి ముందొచ్చినవాళ్లు తినేసి వెళ్లి ఉంటారు. మిగిలినదాంట్లోంచి ఎంత తీసుకోవాలన్నదే మన వృత్తి.

నేను తినేసిన బోనెట్

గురువు గారు అంత స్పష్టంగా చెప్పినా, తిరిగే యంత్రం చేతికొచ్చాక బుద్ధి ఎక్కడికో పోయింది. బఫింగ్ మెషిన్ కొన్న కొత్తలో నేను దాన్ని పట్టుకుంటే సుదర్శన చక్రం పట్టుకున్నంత గర్వం. గుడివాడ నుంచి ఒక లెక్చరర్ గారు ఎర్ర కారు తెచ్చారు. అమ్మేస్తున్నాను, కాస్త కళ తెప్పించమన్నారు. బోనెట్ మధ్యలో కాకుండా అంచు మీద, రేకు మడత తిరిగేచోట, యంత్రాన్ని ఒక్క లిప్త ఎక్కువ ఉంచాను. అంచు మీద రంగు ఎప్పుడూ పలచగానే ఉంటుంది. ఎర్రటి అంచులోంచి రంగు కింది అడుగుపూత తెల్లగా ఒక గీతలా నవ్వింది.

లెక్చరర్ గారు వంగి, చాలా మర్యాదగా అడిగారు: "రాంబాబు గారూ, ఇది మెరుపా అండీ?"

"కాదండీ, పునాది," అన్నాను.

ఆ బోనెట్ మొత్తానికీ మళ్లీ రంగు వేయించి ఇచ్చాను. ఇక అప్పటి నుంచి అంచులకి ముందు టేపు అంటిస్తాను, మడతల మీద చేత్తోనే రుద్దుతాను. మీరూ అలాగే చెయ్యండి.

ఇంకో మాట, కాస్త ఘాటుగానే. అమ్మకానికి ముందు గీతల్లో నూనె, మైనం కలిపి పులిమి, రెండు కడుగుళ్ల దాకా నిలిచే మెరుపు అంటగట్టేవాళ్లు మన పనిలో ఉన్నారు. వాళ్లని పాలిష్ పనివాళ్లనకండి. వాళ్లు మేకప్ వాళ్లు. మూడో కడుగుడులో కొన్నవాడి ముఖం చూడాల్సి వచ్చేది బండి అమ్మిన మనిషి, వాళ్లు కాదు.

చల్లపల్లి నల్ల అంబాసిడర్

ఇక్కడిదాకా చెప్పిందంతా మద్దెల మీద చెయ్యి వెయ్యడమే. అసలు కచేరీ ఇది.

కొత్త శతాబ్దం వచ్చిన తొలి రోజుల్లో చల్లపల్లి నుంచి డాక్టర్ సుశీలమ్మ గారు ఫోన్ చేశారు. దివిసీమలో సగం మంది ఈ లోకంలోకి ఆవిడ చేతుల మీదుగానే వచ్చారు. మిగతా సగం, ఆవిడ ఖాళీగా లేక వేరేచోట పుట్టారు. చూపు మందగించి ఆసుపత్రి మూసేస్తున్నారు. నల్ల అంబాసిడర్‌ను గుడివాడలో రైసు మిల్లున్న ప్రసాదరావు గారికి ఇవ్వాలని మాట.

"బండి పోతే పోయింది రాంబాబూ," అన్నారావిడ. "నా దిగులు డ్రైవర్ గురించి. వీరాస్వామి పద్నాలుగేళ్లుగా ఈ ఒక్క బండే నడిపాడు. యాభై నాలుగేళ్లొచ్చాయి. ఇప్పుడు ఎవరు పెట్టుకుంటారు? బండితో పాటు మనిషిని కూడా తీసుకోండి అన్నాను. ప్రసాదరావు ఏమన్నాడో తెలుసా? 'డ్రైవర్ గురించి మీరు చెప్పక్కర్లేదమ్మా, బండి ఒళ్లు చెబుతుంది' అన్నాడు. శుక్రవారం పది గంటలకి వస్తాడు. నాకు సరిగా కనబడదు. బండి ఒళ్లు ఏం చెబుతుందో నువ్వొచ్చి చూడు."

మంగళవారం పొద్దునే యంత్రాన్ని గోనెసంచిలో చుట్టి, చంకనెత్తుకుని, చల్లపల్లి బస్సెక్కాను. కండక్టర్ అది పసిబిడ్డేమో అనుకుని సీటు ఇప్పించాడు.

బండి షెడ్డులో ఉంది. నీడలో అద్దంలా ఉంది. ఒక సొట్ట లేదు, ఒక తుప్పు మరక లేదు. ఇంత చక్కటి బండికి నేనెందుకు అనుకుంటూ బయటికి తోయించాను.

ఎండ పడింది.

నా జన్మలో అన్ని గీతలు చూడలేదు. బోనెట్ మీద సూర్యుడు పడ్డచోట వలయాలు, దాని చుట్టూ వలయాలు, గోదారీ కృష్ణా కలిసి ఒకే చెంబులో సుడి తిరిగినట్టు. తలుపుల మీద, డిక్కీ మీద, కప్పు మీద కూడా. ఆ నలుపు నలుపు కాదు, బూడిద. ఇంత క్రమంగా, ఇంత ఓపికగా, ఒక్క జానెడు చోటు కూడా వదలకుండా ఎవరు గీశారో అని మతిపోయింది. మతి పోయినప్పుడు నోరు ముందుకొస్తుంది. నా జీవితంలోని పెద్ద తప్పు ఆ క్షణంలో చేశాను. లెక్చరర్ గారి బోనెట్ కన్నా పెద్దది.

"ఎవరండీ బాబూ," అని గట్టిగా అన్నాను, "ఈ బండిని గేదెను తోమినట్టు తోమింది!"

వెనక నుంచి నెమ్మదిగా జవాబొచ్చింది. "నేనేనండి."

తిరిగి చూస్తే సన్నటి మనిషి. ఉతికి మడతలు పెట్టిన ఖాకీ చొక్కా, భుజాన తువ్వాలు. ఒక చేతిలో బకెట్టు, రెండో చేతిలో తడిపిన వరిగడ్డి చుట్ట. నేను వస్తున్నానని బండిని ఇంకోసారి శుభ్రంగా కడగడానికి సిద్ధమవుతున్నాడు.

"నాగాయలంక పక్కన మాది గేదెల ఇల్లండి," అన్నాడు వీరాస్వామి. "గడ్డి చుట్టతో గుండ్రంగా తోమితేనే ఒళ్లు నిగనిగలాడుద్దని మా నాన్న చెప్పాడు. గేదె కన్నా ఎక్కువగానే తోమానండి. రోజూ, తెల్లారేసరికి."

మా డెల్టాలో తప్ప ఇంకెక్కడా ఈ తప్పు జరగదు. ఇక్కడ కాలువ నీళ్లలో మైదాపిండి లాంటి మెత్తటి ఒండ్రు ఉంటుంది, కంటికి కనబడదు. గడ్డికి గాజుపెంకు లాంటి గరుకు అంచు ఉంటుంది, గేదె చర్మానికి అది హాయి. ఆ రెంటినీ కలిపి, పద్నాలుగేళ్లు, రోజూ పొద్దున్నే, ప్రేమగా, గుండ్రంగా!

"అయితే తమ్ముడూ," అన్నాడు బోనెట్ దగ్గరికొచ్చి, "ఇయ్యన్నీ నేను పెట్టిన గీతలేనా?"

నేను ఏదో సర్దిచెప్పబోయాను. గాలి, ఉప్పు, సముద్రం అన్నాను. ఆయన వినలేదు. గడ్డి చుట్టను బకెట్లో పెట్టి, షెడ్డు వెనక గోడ పక్కన కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా లేవలేదు.

కొత్తవాళ్లు ఇది రాసుకోండి: బండికి జబ్బేమిటో చెప్పేముందు, దాన్ని కడిగిన చెయ్యి పక్కన ఉందేమో చూడండి.

కొంగ ఈకలు

పని మొదలుపెట్టాను. ముందు ధారగా నీళ్లు. వేళ్లకి పలచటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని రేకు మీద జార్చితే, వట్టి చేతికి తెలియని ఇసక రేణువు కూడా రాయిలా తగులుతుంది. అది పోయేదాకా కడిగాను. అంచులకి టేపు వేశాను. బోనెట్‌కి నిట్టనిలువునా మధ్యలో ఇంకో టేపు అంటించాను. కుడి సగం మాత్రమే చేద్దామని. పోలిక లేకపోతే చేసినవాడికి కూడా ఏం చేశాడో తెలియదు.

చల్లపల్లి కరెంటు ఆ రోజుల్లో సంగీతం పాడేది. యంత్రం కాసేపు మంద్రంలో మూలిగేది, ఉన్నట్టుండి తారస్థాయికి ఎగిరేది. వోల్టేజి పెరిగినప్పుడల్లా నా గుండె అంచుల దగ్గరికొచ్చేది. చివరికి యంత్రాన్ని మళ్లీ గోనెలో పడుకోబెట్టి, మెత్తటి నేతబట్ట, గీతలు అరగదీసే రుబ్బుడు ముద్ద, చెయ్యి, ఈ మూడింటితోనే దిగాను. ఆ కాలపు నలుపు రుద్దితే బట్టకి అంటుకుంటుంది. ఒక్కో జానెడు చోటుకి బట్ట నల్లబడేది. అరుగుదల చేతికి అంటుకుని కనబడుతూనే ఉంటుంది. అంతటితో ఆపు, అంతటితో ఆపు అని నాంచారయ్య గారు చెవిలో చుట్ట పొగ ఊదుతూనే ఉన్నారు.

మధ్యాహ్నానికి కుడి సగం అయింది. నీళ్లతో కడిగి, తుడిచి, నిలబడి చూశాను. అన్ని ఉపమానాలూ నోటి దాకా వచ్చి, క్యూలో నిలబడి, ఒకదాన్నొకటి చూసుకుని వెనక్కి వెళ్లిపోయాయి. ఆ నలుపుకి అడుగు లేదు. నూతిలోకి తొంగిచూసినట్టుంది, నూతిలో ఆకాశం ఉంది.

వీరాస్వామి ఎప్పుడొచ్చాడో వెనకే నిలబడ్డాడు. అదే సమయానికి పైన ఒక కొంగ పంట కాలువ వైపు ఎగురుతూ వెళ్లింది. దాని ప్రతిబింబం బోనెట్ మీద ఎడమ వైపు నుంచి కుడి వైపుకి సాగింది. ఎడమ సగంలో తెల్లటి మరక. టేపు దాటింది.

"తమ్ముడూ," అన్నాడు వీరాస్వామి గొంతు తగ్గించి, గుళ్లో మాట్లాడినట్టు. "ఇటు కొంగకి ఈకలున్నాయి."

ఇద్దరం చాలాసేపు పైకి చూడకుండా, బోనెట్ లోకే చూస్తూ, ఇంకో కొంగ కోసం ఎదురుచూశాం.

అప్పటి నుంచి ఆయన నాకు బాబాయి. నీళ్లు మోశాడు, బట్టలు ఉతికాడు. వెనక తలుపు పిడి కింద నాలుగైదు లోతైన గీతలు కనిపించాయి, గోరు పెడితే తగులుతున్నాయి. 'ఇవి కూడా గడ్డివేనా బాబాయ్?' అన్నాను. 'కాదు. గాజులవి. నొప్పులొస్తున్న ఆడాళ్లు పట్టుకుని ఎక్కేచోటది' అన్నాడు. గోరుకి తగిలే గీత జోలికి పోకూడదు, దాని లోతుకి దిగితే రంగు మిగలదు. ఇది వృత్తి నియమం. వృత్తి నియమం లేకపోయినా వాటి జోలికి వెళ్లేవాణ్ణి కాదనుకుంటాను.

చెయ్యి మాట వినదు

గురువారం మధ్యాహ్నానికి బండి మొత్తం అయింది. అప్పుడు గుర్తొచ్చింది అసలు ప్రమాదం. గీతలు నేను దించాను సరే, గీతలు పెట్టే చెయ్యి బండితో పాటే గుడివాడ వెళుతుంది. పది రోజులు గుండ్రంగా తోమితే, మిల్లు ప్రసాదరావు గారి కళ్ల ముందే బండి మళ్లీ బూడిదవుతుంది. పదకొండో రోజు బాబాయి ఇంటికొస్తాడు.

"బాబాయ్, గడ్డి వద్దు. రెండు బకెట్లు. ఒకదాంట్లో బట్ట ముంచడానికి, ఇంకోదాంట్లో మురికి జాడించడానికి. మెత్తటి నూలుబట్ట. నీళ్లు ఎటు జారితే చెయ్యి అటు. ముక్కు నుంచి తోకకి, తిన్నగా."

"ఓస్, అంతేనా?" అన్నాడు.

బట్ట తలుపు మీద పెట్టాడు. రెండు జానల దూరం తిన్నగా వెళ్లింది. మూడో జానలో చెయ్యి దానంతటదే గిర్రున తిరిగింది.

"ఇదేందిది!" అన్నాడు తన చేతిని వేరేవాళ్ల చెయ్యిలా చూస్తూ.

మళ్లీ పెట్టాడు. మళ్లీ తిరిగింది. పద్నాలుగేళ్ల కారు, దానికి ముందు చిన్నప్పటి నుంచి గేదెలు. ఆ భుజంలో గుండ్రటి దారి ఒకటే ఉంది. బండి మీద ఇంక ప్రయోగాలు వద్దని, పక్కింటివాళ్ల గేదె దగ్గరికి తీసుకెళ్లాను. దాని మీద తిన్నగా తోమడం సాధన చేశాడు, మెడ నుంచి తోకకి, మెడ నుంచి తోకకి. ఆ గేదె మెడ తిప్పి మా ఇద్దరినీ చూసిన చూపు నేను మరిచిపోలేను. దాని వంశంలో ఎవరికీ జరగని అవమానం. ఐదు నిమిషాలకి విసుగొచ్చి తోకతో బాబాయి చెంప మీద తిన్నగా ఒకటి వేసింది.

"దానికి కూడా తెలిసింది తిన్నగా కొట్టడం. నాకే రావట్లా," అన్నాడు. నవ్వలేదు.

బట్ట పిండుతూ అన్నాడు. "అక్కడ కడగమంటే ఏం చెయ్యను తమ్ముడూ? ఆయన ముందు చెయ్యి తిరిగిపోతే? ఇంకో పని నాకు రాదు. ఇంకో బండి కూడా రాదు."

సాయంత్రం బస్సుకి బయల్దేరాల్సినవాణ్ణి, సంచీ మళ్లీ దించాను.

శుక్రవారం, పది గంటలు

ప్రసాదరావు గారు జీపులో వచ్చారు. గేటు దగ్గర సర్రున ఆపేసరికి ఆయన కన్నా ముందు దుమ్ము దిగి, నేరుగా వెళ్లి మా నల్ల బండి మీద కూర్చుంది. గుడివాడ నుంచి చల్లపల్లి దాకా ఉన్న దుమ్మంతా మాట్లాడుకుని అక్కడికే వచ్చిందని నా లెక్క.

మనిషి పొట్టి, మాట పొడుగు. బండి చుట్టూ ఒకసారి తిరిగారు. టైర్లు తన్నలేదు, హారన్ కొట్టలేదు. ఎండలో వంగి, సూర్యుడి బింబం కోసం చూశారు. పని తెలిసిన మనిషి!

"దుమ్ము పడిందయ్యా, తుడువు చూద్దాం," అన్నారు వీరాస్వామితో.

పొడి దుమ్మును తువ్వాలుతో తుడవడమంటే గరుకు కాగితంతో తుడవడమే. కృష్ణా జిల్లాలో ప్రతి డ్రైవర్‌కీ భుజాన తువ్వాలు ఉండేది మాత్రం ఆ తుడుపుకే. బాబాయి చెయ్యి అలవాటుగా భుజం మీదికి వెళ్లింది. తువ్వాలు అంచు పట్టుకుంది. ఆగింది.

"నీళ్లు తెస్తానండీ," అన్నాడు.

రెండు బకెట్లు తెచ్చాడు. ముందు చెంబులతో నీళ్లు పోశాడు, దుమ్ము దానంతటదే జారేదాకా. బట్ట ముంచాడు. కుడి చెయ్యి బోనెట్ మీద పెట్టబోయి ఒక్కసారి నా వైపు చూశాడు. ఆ తర్వాత చేసిన పని నేను నేర్పింది కాదు. ఎడమ చేత్తో కుడి మణికట్టును గట్టిగా పట్టుకున్నాడు. పట్టుకుని, ముక్కు నుంచి తోకకి, నీళ్లు జారిన దారిన, ఒక్కో గీతా గీసినట్టు తిన్నగా కడిగాడు. మూడో జాన దగ్గర కుడి చెయ్యి తిరగబోయేది. ఎడమ చేతి వేళ్లు తెల్లబడేవి. చెయ్యి తిరిగేది కాదు. అరగంట. బోనెట్, కప్పు, తలుపులు, డిక్కీ. ఒక్క సుడి లేదు. నేను ఊపిరి పీల్చానో లేదో నాకే తెలియదు. ఈ మాటలో అతిశయోక్తి లేదు.

ప్రసాదరావు గారు చేతులు కట్టుకుని చూశారు. మనవైపు పెద్దలకి ఏదైనా ఇచ్చేటప్పుడు కుడి చేతికి ఎడమ చెయ్యి ఆనించి ఇస్తాం కదా. ఆయనకి అదే కనిపించినట్టుంది.

"ఏం భక్తండీ డాక్టరు గారూ!" అన్నారు. "మోపిదేవి గుళ్లో అభిషేకం చూసినట్టుంది." వీరాస్వామి వైపు తిరిగి, "ఏమయ్యా, పద్నాలుగేళ్లూ ఇలాగే కడిగావా?" అని అడిగారు.

నా నోట్లో జవాబు రెడీగా ఉంది. పద్నాలుగేళ్లేమిటండీ, పూర్వజన్మ నుంచీ ఇలాగే, అందామని నోరు తెరిచాను. వరండాలో కుర్చీలో కూర్చున్న డాక్టరమ్మ గారు, చూపు ఆనకపోయినా నా నోరు తెరుచుకోవడం విన్నట్టున్నారు. "రాంబాబూ," అన్నారు. మూశాను.

"లేదండి," అన్నాడు వీరాస్వామి. "మొన్నటిదాకా గడ్డితో గేదెను తోమినట్టు తోమానండి. బండంతా నేనే గీసేశాను. ఈ తమ్ముడొచ్చి బాగుచేశాడు. ఇలా కడగడం నిన్ననే నేర్చుకున్నానండి. ఇంకా చెయ్యి మాట వినట్లేదు, అందుకే పట్టుకున్నాను. భక్తి కాదండి."

జీపు డ్రైవర్ కూడా బీడీ ఆర్పేశాడు. ప్రసాదరావు గారు బండి దగ్గరికెళ్లి, వంగి, బోనెట్‌లో తన ముఖాన్ని చూసుకున్నారు. చాలాసేపు చూసుకున్నారు. ఆ నలుపులో ఎవరి ముఖమైనా అబద్ధమాడ్డానికి కాస్త జంకుతుంది.

"నిన్న నేర్చుకున్నావా?"

"అవునండి."

"ఈ వయసులో?"

"మానేసే వయసు కూడా ఇదేనండి. ఏదో ఒకటి చెయ్యాలిగా."

ప్రసాదరావు గారు పకపకా నవ్వారు. "మా మిల్లులో మూడు బండ్లున్నాయి. ముగ్గురు వెధవలూ గడ్డితోనే తోముతారు, మేం పుట్టినప్పటి నుంచీ ఇలాగే చేస్తున్నాం అంటారు. తాళాలు తీసుకో, నువ్వే నడుపు. జీపు వెనకాల వస్తుంది. దారిలో దుమ్ము నీ మీద పడనివ్వను."

బాబాయి వరండా మెట్ల దగ్గరికెళ్లి డాక్టరమ్మ గారికి దణ్ణం పెట్టాడు. బండెక్కాడు. గేటు దాటుతుంటే చుట్టుపక్కల కొబ్బరిచెట్లు, ఆకాశం, కరెంటు తీగలు, అన్నీ ఆ నలుపు మీదుగా ఒకదాని వెనక ఒకటి, ఎక్కడా చెదరకుండా జారిపోయాయి. నేను చేసిన పని అని నాకే నమ్మబుద్ధి కాలేదు. నేను చేసింది కొంత తియ్యడమే. ఆ నలుపు అంతకు ముందే అక్కడ ఉంది.

డాక్టరమ్మ గారు శబ్దం దూరమయ్యేదాకా చెవి ఒగ్గి విన్నారు.

"ఎలా ఉంది రాంబాబూ బండి?"

ఆకాశాన్నీ నూతినీ కలిపి ఏదో చెప్పబోయాను.

"నల్లగా ఉందమ్మా," అన్నాను.

"వీరాస్వామి వెనక్కి తిరిగి చూశాడా?"

"లేదమ్మా."

"మంచి డ్రైవరయ్యా," అన్నారావిడ.